పదకొండో నంబరు పిడి

అందరూ ఆయన్ని నూనె మేస్త్రి అంటారు. ఆరేళ్లుగా నూనె సీసా చూస్తేనే అడుగు వెనక్కి వేసే మనిషికి ఆ పేరేమిటని అడగకండి. పేరనేది ఒకసారి అంటుకుందంటే మనిషి మారినా అది మారదు.

ఆ పేరు బట్టల ఫ్యాక్టరీలో వచ్చింది. అక్కడ ఇరవై ఏళ్లపాటు రెండు వందల కుట్టుమిషన్లు ఆయన చేతికింద నడిచాయి. చెవి మీద పాత టూత్‌బ్రష్షు, చొక్కా జేబులో సన్నమూతి నూనెడబ్బా, భుజాన తెల్లగుడ్డ. ఏ మూల ఏ మిషను కీచుమన్నా అక్కడ ప్రత్యక్షమయ్యేవాడు. "మనిషి ఏడిస్తే మంచినీళ్లు, మిషను ఏడిస్తే నూనె" అనేది ఆయన మంత్రం. కుట్టుమిషనుకి నూనె ఎక్కువైనా నష్టం లేదు. ఎక్కువైంది కిందికి కారిపోతుంది, పోతూ పోతూ దారపు నూగునీ దుమ్మునీ వెంటబెట్టుకుపోతుంది. అక్కడ ఇంకో నియమం కూడా ఉండేది. ఏ మిషను దగ్గరికెళ్లినా ముందు తుడవాలి, తర్వాతే చూడాలి. మేస్త్రి చేతి మరక కొత్త బట్టకి అంటితే ఆ బట్ట పనికిరాదు కదా. ఇరవై ఏళ్లు అలా చేసేసరికి ఆ తుడవడం చేతులకే వచ్చేసింది, బుర్రని అడగడం మానేశాయి.

ఫ్యాక్టరీ మూతపడ్డాక నాలుగు నెలలు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు ఆదుకున్నవాడు బావమరిది, భార్యకి తోడబుట్టిన తమ్ముడు. ఊరి చివర పాత ఇటుకబట్టీ స్థలంలో ఒకావిడ పెయింట్‌బాల్ మైదానం నడుపుతోంది. అందులో ఇతను రెఫరీ. "మా బావ చేతిలో పడితే చచ్చిన మిషను కూడా లేచి కూర్చుంటుందండీ" అని యజమానురాలికి చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గన్నుల బల్ల ముందు కూర్చోబెట్టాడు.

ఆ ఆట గురించి తెలియనివాళ్లకి ఒక మాట. వారమంతా ఆఫీసులో ఒకళ్లనొకళ్లు ఏమీ అనలేక పళ్లు బిగించుకున్నవాళ్లు సెలవునాడు ఇక్కడికొచ్చి కసితీరా కాల్చుకుంటారు. గన్నులో ఉండేది రంగు నింపిన గోలీ, దాన్ని తోసేది సీసాలోని గాలి. తగిలితే చొక్కా మీద రంగు, చొక్కా కింద కమిలిన మచ్చ. అంతకుమించి ఏం కాదు, కన్ను తప్ప. అందుకే ముఖానికి మాస్కు.

ఆ గన్నులు పాతరకంవి. కడుపులో ఉండాల్సినవి సగం బయటే ఉంటాయి. పక్కన వేలెడు పొడవు గాడి, ఆ గాడిలో ఒక పిడి, ఆ పిడికి లోపలి సుత్తితో లంకె. పిడి వెనక్కి లాగి ఉంటే సుత్తి లేచి ఉన్నట్టు, గన్ను పేలడానికి సిద్ధంగా ఉన్నట్టు. పిడి ముందుకి దిగి ఉంటే పడుకున్నట్టు. కాల్చిన ప్రతిసారీ పిడి గాడిలో ముందుకీ వెనక్కీ పరిగెడుతుంది. మొదటిసారి చూసినప్పుడే మేస్త్రికి ఆ గన్ను మీద మనసు పడింది. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పేసే యంత్రం, దాపరికం లేనిది అనుకున్నాడు.

కానీ అది నోరు తెరుచుకుని నిద్రపోయే మనిషిలాంటిది. ఆడేవాళ్లు టైర్ల గోడల వెనక పాకుతారు, డ్రమ్ముల పక్కన దొర్లుతారు, గన్నుని నేలకేసి రుద్దుతారు. బట్టీ స్థలం కాబట్టి నేలంతా ఇటుకపొడి. అది గాడిలోకి పోతుంది. పిడి బరువెక్కింది, కదలడానికి ఏడ్చింది. ఏడ్చినదానికి మేస్త్రి ఏం చేస్తాడో తెలిసిందే. రోజూ సాయంత్రం గాడిలో నాలుగు చుక్కలు, ఇంకా ఏడిస్తే ఎనిమిది. ఇక్కడ నూనె కిందికి కారిపోదు, ఉన్నచోటే ఉండి వచ్చిన దుమ్మునల్లా పట్టుకుంటుంది, ఇటుకపొడితో కలిసి నల్లటి గుజ్జవుతుంది అన్న ఇంగితం ఆయనకి లేకపోయింది. ఇరవై ఏళ్ల పనితనం గుడ్డిది, కొత్తచోటికి వచ్చానని దానికి తెలియదు. అలవాటులో పొరపాటు అంటారే, అచ్చంగా అదే.

ఆరేళ్ల కిందట, గాలి సుళ్లు తిరుగుతున్న ఒక మధ్యాహ్నం ఆట ముగిసింది. ఆడినవాళ్లంతా వల కట్టిన షెడ్డులోకి వచ్చారు. రెఫరీ ఎప్పటిలాగే "పిళ్లు దించండి" అన్నాడు. ఒక్కో గన్ను దగ్గరికీ వెళ్లి వంగి పిడి చూశాడు. పన్నెండు గన్నులు, పన్నెండు పిళ్లు. "దిగాయి, మాస్కులు తియ్యండి" అని తనది ముందు తీసి చెమట తుడుచుకున్నాడు. అప్పుడే ఒకాయన తన చేతిలోని పదకొండో నంబరు గన్నుని, గొట్టానికి తొడుగు వేద్దామని బల్ల మీద పెట్టాడు. పెట్టడం కాస్త గట్టిగా పెట్టాడు, అంతే. టిక్కుమంది, పేలింది. గోలీ రెఫరీ ఎడమకంట్లో పగిలింది. నీలం రంగు.

మేస్త్రి వెనక గదిలో ఉన్నాడు. అరుపులు విన్నాడు. లేచేలోపు గేటు దగ్గరి కాపలాదారు పరిగెత్తుకొచ్చి పదకొండో నంబరుని బల్ల మీద పడేశాడు. "మీ బావమరిది కంటికి తగిలింది మేస్త్రీ, ఇదే పేలింది" అని మళ్లీ పరిగెత్తాడు. ఆ మాట మేస్త్రి చెవిన పడింది. అయినా కాళ్ల కంటే ముందు చేతులు కదిలాయి. గన్నుకున్న గాలిసీసా విప్పాయి, భుజాన ఉన్న తెల్లగుడ్డ తీశాయి, గాడిలో వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచాయి. గుడ్డ మీద నల్లగా, ఎర్రగా, బొటనవేలంత గుజ్జు వచ్చింది. గుడ్డకి ఊడివచ్చిన ఆ ముద్దలో, పిడి చివర ఆగిన చోట, దాని ఆకారం అచ్చుపడి ఉంది. పూర్తిగా దిగలేదు. బియ్యపుగింజంత ఎడంలో, సుత్తిని గుజ్జే పట్టుకుని నిలబెట్టింది. బల్ల మీద కుదుపుకి వదిలేసింది. ఇదంతా ఆయనకి ఒక్క క్షణంలో అర్థమైంది. గుడ్డ మడిచి రేకుడబ్బాలో పెట్టాడు. అప్పుడు పరిగెత్తాడు.

అర్థమయ్యాక తుడిచాడా, తుడిచాక అర్థమైందా? ఆ ఒక్క ప్రశ్నకి ఆరేళ్లుగా ఆయన దగ్గర జవాబు లేదు. చేతులని అడిగి చూశాడు, అవి చెప్పవు.

మూడోరోజు యజమానురాలు ఒక ఇంజనీరుని పిలిపించింది. ఆయన పదకొండో నంబరుని ఇరవైసార్లు లాగి వదిలాడు. బల్లకేసి కొట్టాడు. పిడి వెన్నలా జారింది, దించిన ప్రతిసారీ పూర్తిగా దిగింది. గన్నులో లోపం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ఇక తప్పు ఎవరో ఒకరి ఇంట్లో దిగాలి కదా, అది ఎదురుచూస్తూ మంచం మీద పడుకున్నవాడి దగ్గరికే వెళ్లింది.

"నేనే సరిగ్గా చూడలేదు బావా" అన్నాడు బావమరిది ఆసుపత్రిలో, కట్టు కింద నుంచి. "దిగిందనే అనుకున్నాను. నా కన్నే నన్ను మోసం చేసింది."

మేస్త్రి నోరు తెరిచాడు. మంచం అవతల భార్య తమ్ముడి కాళ్ల మీద తలపెట్టి ఏడుస్తోంది. ఆమె ఊరుకున్నాక చెబుదామనుకుని నోరు మూసుకున్నాడు. ఆమె ఊరుకుంది. కట్టు విప్పాక చెబుదామనుకున్నాడు. కట్టు విప్పారు, కన్ను లేదు. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాడు. నిజం అనేదానికి రేపు అనే రోజు ఒకటి చూపిస్తే అది ఎన్నేళ్లైనా అక్కడే పడుకుంటుంది.

ఒంటికంటితో రెఫరీ పని కుదరదు. యజమానురాలు మనసున్న మనిషి కాబట్టి అతనికి ఇంకో పని పెట్టింది. ఆటకి వచ్చిన ప్రతి జట్టుకీ మొదట జాగ్రత్తలు చెప్పడం. అది చెప్పే చోటు గన్నుల గదికి రేకుగోడ అవతలే. రోజుకి నాలుగు జట్లు, సెలవునాడు ఎనిమిది. ప్రతిసారీ అవే మాటలు రేకులోంచి మేస్త్రి బల్ల మీదికి వచ్చేవి.

"దగ్గరికి రండి. భయపడకండి, ఇది అంటుకునే జబ్బు కాదు." అప్పుడు నల్లకళ్లద్దాలు తీస్తాడు. అది మేస్త్రికి కనబడదు, అవతలి నిశ్శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. "పిడి దిగిందో లేదో చూడ్డం నా పని. చూశాను. దిగిందన్నాను. ఈ కన్ను పని సరిగ్గా చెయ్యలేదు, అందుకే ఉద్యోగంలోంచి తీసేశాను."

అక్కడ నవ్వుతారు. ప్రతి జట్టూ అక్కడే నవ్వుతుంది, నవ్వి సిగ్గుపడి ఆపేస్తుంది. ఆ నవ్వు వచ్చే ముందు మేస్త్రి చేతిలోని బ్రష్షు ఆగిపోతుంది. ఆ తర్వాత కాసేపటికి బావమరిది లోపలికి తొంగి చూసి "ఎలా ఉంది బావా ఇవాళ నా ఉపన్యాసం?" అంటాడు. "బాగుందిరా" అంటాడు మేస్త్రి. మధ్యాహ్నం ఇద్దరూ అదే బల్ల మీద గన్నులు పక్కకి జరిపి క్యారేజీలు విప్పుకుంటారు. బావమరిది తన క్యారేజీలోంచి కొంత బావకి పెడతాడు. అన్నం పెట్టించిన చెయ్యి, ఇప్పటికీ పెడుతూనే ఉంది. ఆ ముద్ద మింగలేక కక్కలేక మేస్త్రి నీళ్లు తాగేవాడు.

ఆయన నూనె ముట్టడం మానేశాడు. ఏ గన్నుకైనా లోపల సూదిమొనంత గ్రీజు, బయట అదీ లేదు. ప్రతి జట్టు తర్వాతా పొడి బ్రష్షు, పొడి గుడ్డ. గదిలో ఉన్న ఇరవై నాలుగు గన్నుల గాడులూ అద్దంలా ఉండేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, కాలింది ఇంకొకరి కన్ను కావడం ఒక్కటే తేడా. ఇంట్లో కూడా అంతే. తలుపులు కిర్రుమనేవి, బీరువా కీచుమనేది, కుట్టుమిషను మూల పడింది. "పేరు చూస్తే నూనె మేస్త్రి, ఇంట్లో బందులకి చుక్క లేదు" అని నవ్వేది భార్య. "మనింటికి దొంగ రావాలంటే నూనె తనే తెచ్చుకోవాలి." తలుపు కిర్రుమంటేనే ఆయనకి నిమ్మళం. చప్పుడు లేకుండా జారే వస్తువంటే భయం.

అన్నిటికంటే ఆ గదిలోని టిక్కు భయంకరమైనది. ఎండ ఎక్కే వేళకి పైకప్పు రేకు వేడెక్కి టిక్కుమంటుంది. అందరికీ అది రేకు. మేస్త్రికి అది బియ్యపుగింజంత ఎడం దిగిన పిడి. విన్నప్పుడల్లా లేచేవాడు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి ఇరవై నాలుగు దాకా వేలితో నొక్కి చూసేవాడు. పదకొండు దగ్గర రెండోసారి నొక్కేవాడు. ఆ గన్నుని ఆయన మిగతావాటికంటే రెండింతలు తుడిచేవాడు. మైదానంలోకి పంపకుండా పక్కన పెట్టిన రోజున కూడా తుడిచిన గుడ్డ మీద ఒక సన్నటి నల్లగీత కనబడేది. ఇనుము అరిగితే అలాగే గీత పడుతుందని ఆయనకి తెలియక కాదు. తెలిసీ నమ్మలేకపోయేవాడు. బల్ల కింద రేకుడబ్బా అలాగే ఉంది. ఆ గుడ్డ ఉతకలేదు, పారెయ్యలేదు.

ఈ ఏడాది యజమానురాలు కొత్త గన్నులు తెప్పించింది. అన్నీ లోపలే దాచుకునే రకం. గాడి లేదు, పిడి లేదు, దుమ్ము దూరే సందు లేదు. పాతవన్నీ నెలాఖరుకి తీసేద్దామంది. "పదకొండో నంబరు మాత్రం ఉంచండి మేస్త్రీ. దాన్ని చెక్కకి బిగించి గేటు దగ్గర వేలాడదీద్దాం. కింద రాయిద్దాం, తప్పు గన్నుది కాదు, కంటిది అని. పిల్లలు చదువుకుని జాగ్రత్తపడతారు."

ఆ మాట బావమరిదికి నచ్చింది. అదే మేస్త్రిని ఎక్కువ పొడిచింది. "తళతళలాడేలా చెయ్యి బావా" అన్నాడు అతను నవ్వుతూ. "మన చుట్టాల్లో గేటు మీదికెక్కినవాణ్ని నేనొక్కణ్నే."

చెక్క వచ్చింది. అక్షరాలు చెక్కించి, తెల్లరంగు నింపి, గోడకి ఆనించి పెట్టారు. మేస్త్రి రోజంతా దాని ఎదురుగా కూర్చున్నాడు. నోటిమాటగా ఉన్నంతకాలం ఆ అబద్ధం రోజుకి నాలుగుసార్లు పుట్టి నాలుగుసార్లు పోయేది. చెక్కకి మేకు కొడితే ఇక పోదు. తాను పోయాక కూడా గేటు మీద ఉంటుంది, బావమరిది పోయాక కూడా ఉంటుంది. అక్షరాలు ఆయనకి కంటిది అని కాక, బావమరిదిది అనే కనబడ్డాయి.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మైదానంలోకి వెళ్లి పాత బట్టీ గోడ పక్కన గుప్పెడు ఇటుకపొడి ఎత్తుకొచ్చాడు. ఆరేళ్ల తర్వాత సన్నమూతి నూనెడబ్బా తీశాడు. పదకొండో నంబరుకి గాలిసీసా లేదు, గోలీ లేదు, గొట్టం ఖాళీ. అయినా మూడుసార్లు చూసుకున్నాడు. గాడిలో నూనె పోశాడు, పొడి చల్లాడు, పిడి ఆడించాడు. ఆరేళ్లు శుభ్రం చేసిన చేతులకి మురికి చెయ్యడం రాలేదు. ఒకసారి పిడి మొత్తం దిగిపోయింది, ఒకసారి సగంలోనే మొండికేసింది. మధ్యలో చేతులు తమంతట తామే గుడ్డ కోసం భుజం మీదికి వెళ్లాయి. గుడ్డ తీసి కాలికింద పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఏడోసారికి పిడి నెమ్మదిగా వచ్చి, చివరికంటా వచ్చినట్టే వచ్చి ఆగింది.

బావమరిదిని పిలిచాడు.

"ఒకసారి ఇలా వచ్చి చూడరా. పిడి దిగిందా?"

అతను నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఉన్న కంటిని గాడికి దగ్గరగా పెట్టాడు. ఆ రోజు ఎలా వంగాడో అలాగే వంగాడు.

"దిగింది."

"సరిగ్గా చూడు."

"దిగింది బావా. ఏంటీ, పరీక్షా?"

మేస్త్రి గన్నుని బల్ల మీద కాస్త గట్టిగా పెట్టాడు. టిక్కుమంది. పిడి బియ్యపుగింజంత ముందుకి జరిగింది.

బావమరిది వేలితో పిడిని తడిమాడు. గది బయట ఒక జట్టు వచ్చి మాస్కులు సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"మళ్లీ చెయ్యి" అన్నాడు.

మేస్త్రి మళ్లీ లాగి నెమ్మదిగా వదిలాడు. బావమరిది మళ్లీ వంగి చూశాడు. మళ్లీ టిక్కుమంది. మూడోసారి బావమరిదే లాగాడు, అతనే వదిలాడు, అతనే బల్ల మీద పెట్టాడు.

"దిగినట్టే ఉంది కదా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"దిగినట్టే ఉందిరా. రెండు కళ్లున్నవాడికైనా, పది కళ్లున్నవాడికైనా అంతే. నీ కన్ను తప్పు చూడలేదు. నా నూనె, నా గుజ్జు."

"మరి ఇంజనీరు చూసినప్పుడు?"

"అంతకుముందే తుడిచేశాను. నీకు తగిలిందని చెప్పారు. తుడిచాకే నీ దగ్గరికి వచ్చాను."

"కావాలనే తుడిచావా?"

ఇది మేస్త్రి ఆరేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న. కాదు అనడానికి నాలుక దాకా వచ్చింది. అలవాటు మీదికి నెట్టేస్తే సగం బరువు తగ్గుతుంది. అయినా అనలేకపోయాడు.

"తెలీదు. ఒట్టేసి కాదని చెప్పలేను."

బల్ల కింద నుంచి రేకుడబ్బా తీసి మూత తెరిచాడు. గుడ్డ బిరుసెక్కి, మడతల దగ్గర తారులా మెరుస్తోంది. బావమరిది దాన్ని వేళ్లతో పట్టుకుని చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"తెలీదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

గుడ్డ చేత్తో పట్టుకునే బయటికి వెళ్లాడు. వెళ్తూ నుదుటి మీది కళ్లద్దాలు కిందికి దించుకోవడం మర్చిపోయాడు.

మేస్త్రి రేకుగోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. అవతల ఎప్పటి మాటలే మొదలయ్యాయి. దగ్గరికి రండి, భయపడకండి. తర్వాత నిశ్శబ్దం. పిడి దిగిందో లేదో చూడ్డం నా పని, చూశాను, దిగిందన్నాను. అక్కడ మాట ఆగింది. నవ్వు రావలసిన చోట అందరూ ఎదురుచూస్తున్నారు.

"ఈ కన్ను సరిగ్గానే చూసింది" అన్నాడు. గుడ్డ విప్పుతున్న చప్పుడు వినిపించింది. "చివరిసారి చూసింది కూడా సరిగ్గానే చూసింది. మధ్యలో ఇది అడ్డం పడింది, చూడండి. ఇది గన్నులో ఉన్న మురికి. ఇది ఉంటే మీరూ నేనూ ఏం చూసినా ఒకటే. కాబట్టి ఎవరు ఏం చెప్పినా, ఏం దిగినట్టు కనిపించినా, ఈ వల షెడ్డు దాటి బయటికెళ్లేదాకా మాస్కు తియ్యకండి."

ఎవరూ నవ్వలేదు. ఆ మురికి ఎవరిదో అతను చెప్పలేదు. ఆరేళ్లు తనని తాను రోజూ నలుగురిలో నిలబెట్టుకున్నవాడు బావని ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. రేకుగోడ ఇవతల మేస్త్రికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పి కూర్చున్నాడు. రెండోది రాలేదు. కిటికీలోంచి చూస్తే బావమరిది మైదానం చివర టైర్ల గోడ మీద కూర్చుని ఒక్కడే తింటున్నాడు. రేకు టిక్కుమంది. మేస్త్రి లేచి ఒకటో నంబరు నుంచి ఇరవై నాలుగు దాకా నొక్కి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

సాయంత్రం గన్నులు ఇచ్చే కిటికీ దగ్గర నీడ పడింది. బావమరిది నిలబడి ఉన్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. నిన్న గోడకి ఆనించి పెట్టిన ఆ చెక్క చేతిలో ఉంది, అక్షరాల్లోని తెల్లరంగు గీకేసి ఉంది.

"ఈ చెక్క ఇక అక్కర్లేదని అమ్మగారితో చెప్పాను" అన్నాడు. కిటికీ లోపలికి చూడకుండా ఇంకో మాట అన్నాడు. "రేపు పొద్దున జట్టుకి పన్నెండు గన్నులు కావాలి. తయారుగా ఉంటాయా, మేస్త్రిగారూ?"

ఇరవై ఐదేళ్లలో అతని నోట బావా అన్న పిలుపు తప్ప ఇంకోటి వినలేదు ఆయన.

"ఉంటాయండీ" అన్నాడు మేస్త్రి, చెవి మీది బ్రష్షు చేతిలోకి తీసుకుంటూ.